ఆరిపోయిన టీవీలో ఇల్లు

బొమ్మంటే ఏదో ఒకదాన్ని పోలి ఉండాలని మనకో పట్టుదల. ఎగ్జిబిషన్‌లో నాలుగు రంగులు పులిమిన కాన్వాసు ముందు నిలబడగానే మన నోట వచ్చే మొదటి మాట "ఇదేమిటి?" అనే. పక్కనున్నావిడ "అదుగో, ఆ మూల ఏనుగు తొండంలా లేదూ!" అంటే ప్రాణం కాస్త కుదుటపడుతుంది. ఏనుగు దొరికింది కనక ఇక ఆ బొమ్మతో పని లేదు. పక్క బొమ్మ దగ్గరికి వెళ్ళిపోతాం.

చిత్రకారుడి సంగతి సరే. చేతిలో కుంచె ఉంది, బుర్రలో ఊహ ఉంది, ఏమైనా గీసుకుంటాడు. మరి ఫోటో మాటేమిటి? కెమెరా తన ఎదురుగా ఉన్నదాన్నే కదా తీస్తుంది! అలాంటప్పుడు ఫోటోలో నైరూప్యం ఏమిటి, చేతకాక చెడిపోయిన ఫోటోకి పెట్టిన పెద్ద పేరు కాదూ అని అనుమానం రావడం సహజమే. ఈ అనుమానానికి జవాబు ఎక్కడో పెద్ద పెద్ద గ్రంథాల్లో లేదు. వంటింట్లోనే ఉంది.

1916 వేసవిలో పాల్ స్ట్రాండ్ అనే పాతికేళ్ళ అమెరికన్ కుర్రాడు, కనెక్టికట్ రాష్ట్రంలో ట్విన్ లేక్స్ అనే చోట, నాలుగు మామూలు గిన్నెలు ముందు పెట్టుకుని బాగా దగ్గరికెళ్ళి ఫోటో తీశాడు. ఏ గిన్నే పూర్తిగా కనిపించదు. ఒక అంచు వంపు, లోపలి నీడ, ఆ నీడలోంచి తొంగిచూసే మరో అంచు. అవి గిన్నెలని మనకి తెలుసు. తెలిసినా, చూస్తున్నంతసేపూ కన్ను గిన్నెల్ని మరిచిపోయి వంపుల వెంబడే తిరుగుతుంది. అదే వేసవిలో వరండా కటకటాల నీడల్ని కూడా తీశాడు. ఫోటోగ్రఫీలో మొట్టమొదటి నైరూప్య చిత్రాల్లో వీటిని లెక్కవేస్తారు. తోమి బోర్లించిన గిన్నెల మీద పొద్దుటి ఎండ పడితే చేతిలో చీపురు అలాగే పట్టుకుని ఒక్క క్షణం ఆగిపోవడం మనలో చాలామందికి అనుభవమే. స్ట్రాండ్ ఆ క్షణాన్ని కెమెరాలో పెట్టాడు, మనం పనిలో పడి పోనిచ్చాం. తేడా అంతే.

తర్వాత 1940లలో ఆరన్ సిస్కిండ్ అనే ఆయన ఇంకో అడుగు వేశాడు. పెచ్చులూడిన గోడలూ, చిరిగి వేలాడే పోస్టర్లూ, ఒడ్డున పడేసిన తాళ్ళూ, ఇవే ఆయన సరుకు. ఎవరూ రెండోసారి చూడని వస్తువుల్ని ఆయన దగ్గరగా చూసి, చుట్టూ ఉన్న ప్రపంచాన్ని కత్తిరించి, గీతలూ మచ్చలూ మాత్రం మిగిల్చాడు.

వీళ్ళిద్దరూ కెమెరా భుజాన వేసుకుని స్వయంగా వెళ్ళి వెతుక్కున్నవాళ్ళు. ఇవాళ నేను చెప్పదలుచుకున్న ఆవిడ గడప దాటనే లేదు. గడప దాటకుండానే లక్షలమంది తీసిన ఫోటోల్లోకి వెళ్ళి, వాటిల్లోంచి తన బొమ్మలు ఏరుకుంది. పేరు పెనెలోపీ అంబ్రికో. 1957లో ఫిలడెల్ఫియాలో పుట్టింది, న్యూయార్కులో ఉంటుంది. 2011లో ఎపర్చర్ అనే సంస్థ ఆవిడ పనిని పుస్తకంగా తెచ్చింది. న్యూజెర్సీలో ఉన్న మా చెల్లెలు ఆ పుస్తకం పంపింది. కొన్ని బొమ్మలు పుస్తకంలో, మిగిలినవి కంప్యూటరులో చూశాను. పదిహేను రోజులుగా ఆ పుస్తకం నా బల్లమీదే ఉంటే, ఇంటికొచ్చిన ప్రతివారూ తిరగేసి తలో మాటా అనేసి వెళ్ళారు. ఆ మాటల్లో కొన్ని ఇందులో కలిసిపోతే నా పూచీ లేదు.

ముందు ఆవిడకి బాగా పేరు తెచ్చిన సూర్యుల సంగతి చెప్పుకుందాం.

ఫ్లికర్ అని 2004లో ఒకటి మొదలైంది. ఎవరి ఫోటోలు వాళ్ళు కంప్యూటరు ద్వారా అక్కడ పెట్టుకోవచ్చు, ప్రపంచమంతా చూడొచ్చు. జనం అందరికన్నా ఎక్కువగా దేన్ని ఫోటో తీస్తున్నారా అని అంబ్రికోకి సందేహం వచ్చింది. వెతికితే తేలిందేమిటంటే, సూర్యాస్తమయాన్ని. 2006 జనవరిలో ఒకరోజు ఆ మాటతో వెతికితే 5,41,795 ఫోటోలు వచ్చాయి. వాటిలోంచి కొన్ని తీసుకుని, సముద్రమూ, చెట్లూ, పడవలూ, మనుషులూ అన్నీ తీసేసి, సూర్యబింబం ఉన్న మేరకే కత్తిరించింది. వాటిని 4 × 6 అంగుళాల కాగితం మీద, అంటే మన సందు చివరి స్టూడియో అబ్బాయి ఇచ్చే మామూలు సైజులోనే, ప్రింటు వేయించి, వరసలు వరసలుగా గోడ నిండా అంటించింది. ఆ రోజు వచ్చిన సంఖ్యే ఆ బొమ్మకి పేరు. అందువల్ల పేరు స్థిరంగా ఉండదు. 2007 సెప్టెంబరు నాటికి 23,03,057 సూర్యులు. 2009 ఏప్రిల్ నాటికి 53,77,183. ఆకాశంలో ఒక్కడే, కంప్యూటరులో మాత్రం పుట్టలు పుట్టలు!

దూరం నుంచి ఆ గోడ చూస్తే పసుపూ కుంకుమా కలిపి ఆరబోసినట్టుంటుంది. ఎంత అందంగా ఉందో ఏ మాటకామాటే చెప్పుకోవాలి. దగ్గరికి వెళితే ఏ రెండూ ఒకలా ఉండవు. ఒకటి తెల్లటి చిల్లు. ఒకదాని చుట్టూ ఆకుపచ్చ వలయం. ఇంకోదాని అంచు పిక్సెళ్ళుగా విడిపోయి మెట్లు మెట్లుగా ఉంది. సాయంకాలం వెలుతురు గాలిలో ఎక్కువ దూరం ప్రయాణం చేసి రావాలి కనక నీలం దారిలోనే చెదిరిపోయి ఎరుపు మన కంటిదాకా వస్తుంది. అది అందరికీ సమానమే. కాని సూర్యబింబాన్ని భరించే శక్తి ఒక్కో కెమెరాకి ఒక్కోలా ఉంటుంది. అంచేత మనం చూస్తున్నది సూర్యుణ్ణి కాదు, సూర్యుడి ముందు ఒక్కో కెమెరా కళ్ళు ఎలా చిట్లించిందో దాన్ని.

ఇంత మెచ్చుకున్న తర్వాత నాకున్న పేచీ కూడా చెప్పాలి.

మా అమ్మమ్మ పాత చీరలతో బొంతలు కుట్టేది. దూరం నుంచి చూస్తే అదీ నైరూప్య చిత్రమే. పువ్వు లేదు, పక్షి లేదు. ముక్కలూ, రంగులూ, కుట్టు వరసలూ తప్ప ఇంకేమీ లేవు. కాని పక్కన కూర్చుని ఒక ముక్క మీద వేలు పెడితే చాలు. ఇది పెద్దత్తయ్య సీమంతం చీర, ఇది మీ అమ్మ బడికి కట్టుకెళ్ళిన పరికిణీ, ఈ నీలం ముక్క మీ తాతయ్య బందరు నుంచి తెచ్చిన చీరలోది అని చెప్పుకుంటూ పోయేది. దూరం నుంచి రంగు, దగ్గరికెళితే మనిషి. చిన్నప్పటినుంచీ నాకు బొమ్మల్ని తూచే తక్కెడ అదే అయిపోయింది. దగ్గరికెళితే ఎవరున్నారు?

సూర్యుల గోడ దగ్గరికెళితే ఎవరూ లేరు. దూరం నుంచీ రంగే, దగ్గరా రంగే. ఆ 5,41,795 ఫోటోల్లో ఒక్కొక్కటీ ఎవరో ఒకరు ఒక సాయంత్రం ఆగి తీసుకున్నది. పెళ్ళైన కొత్తలో మొదటి ప్రయాణం కావచ్చు. ఆస్పత్రి మేడమీది కిటికీలోంచి కావచ్చు. కన్యాకుమారిలో చెల్లెలి అరచేతిలో సూర్యుణ్ణి నిలబెట్టినట్టు తీసిన అల్లరి ఫోటో లాంటిది కావచ్చు. ఆ చెయ్యి పోయింది, చెల్లెలు పోయింది. సూర్యుడు మిగిలాడు. ఆయన ఎలాగూ మిగిలేవాడే!

ఈ మాట కాలేజీలో ఇంగ్లీషు చెప్పే మా స్నేహితురాలితో అంటే ఆవిడ ఒప్పుకోలేదు. "అందరూ ఒకే ఫోటో తీస్తూ, ఎవరికి వారు ఇలాంటి సాయంత్రం ఎవరికీ రాలేదనుకుంటారు చూడూ, అంబ్రికో చెప్పేదే అది. నీ సాయంత్రం అయిదు లక్షల్లో ఒకటి అని గోడెక్కించి చెప్పింది" అంది. నిజమే, అందులో చురుకు ఉంది. ప్రతివాళ్ళూ తమ పిల్లాడంత తెలివైనవాడు లేడనుకున్నట్టే ఇదీను. కాని అది సగం నిజమనే నేనంటాను. మీ పెళ్ళి ఫోటో, నా పెళ్ళి ఫోటో పక్కపక్కన పెడితే, అదే పందిరి, అదే తలంబ్రాలు, అదే దండ. అంతమాత్రాన మీ ఆయన మా ఆయన అయిపోడు కదా! పోలిక ఎంత నిజమో, ఎవరిది వారికే తెలియడం కూడా అంతే నిజం. సూర్యుల గోడ మొదటి నిజాన్ని చాటింపు వేసి, రెండోదాన్ని కత్తిరించి చెత్తబుట్టలో వేసింది. పైగా ఆ సంఖ్య! సంఖ్య విని నోరు తెరవడం వేరు, బొమ్మ చూసి నోరు తెరవడం వేరు. ఏది ఏమిటో తేల్చుకోనివ్వకుండా ఆ పేరు మనల్ని ముందే లొంగదీస్తుంది.

ఇక్కడ ఒక తమాషా జరిగింది. సూర్యుల గోడ ఎగ్జిబిషన్లలో పెట్టినప్పుడు, చూడవచ్చినవాళ్ళు ఆ గోడకి వీపు పెట్టి నిలబడి, నిజంగా సముద్రపొడ్డున ఉన్నట్టే ఫోటోలు దిగారు. దిగి, వాటినీ ఫ్లికర్‌లో పెట్టారు. అంబ్రికో వాటినీ పోగుచేసి ఇంకో వరస తయారుచేసింది. ఆవిడేమనుకుని చేసినా, నాకు మట్టుకు అందులో జనం గెలిచినట్టనిపించింది. ఆవిడ కత్తిరించి పారేసిన మనిషి, టికెట్టు కొనుక్కుని వచ్చి మళ్ళీ సూర్యుడి ముందు నిలబడ్డాడు.

ఆవిడ మరో పని అద్దాలు. ఇది 2001 నుంచి చేస్తూ వచ్చింది. ఇంటి అలంకరణ సామాన్లు అమ్మే కేటలాగుల్లో అద్దాల ఫోటోలుంటాయి. అద్దానికి ఎదురుగా నిలబడి తీస్తే ఫోటోగ్రాఫరు కూడా అద్దంలో పడతాడు కనక పక్కనుంచి తీస్తారు. అంచేత కాగితం మీద అద్దం ఏటవాలుగా వాలిపోయి ఉంటుంది. అంబ్రికో ఆ అద్దం వరకు కత్తిరించి, కంప్యూటరులో దాన్ని లాగి సరిచేసి, మనకెదురుగా నిలబెట్టి, అసలు అద్దం ఎంత ఉంటుందో అంత పెద్దది చేసింది. అంత పెద్దది చేసేసరికి అందులో ప్రతిబింబం చుక్కలు చుక్కలుగా, సాగిపోయి, నీళ్ళలో చూసినట్టు కదిలిపోయింది. ఒక కిటికీ ముక్క, ఒక పూలకుండీ అంచు, దుమ్ములేని గోడ.

ఆ అద్దాల ముందు నిలబడితే మనం కనబడం. అద్దం ముందు నిలబడి మొహం కనబడకపోతే ఎలా ఉంటుందో ఆలోచించండి! అదే ఈ బొమ్మల బలం. ఇక్కడా మనుషులు లేరు. కాని సూర్యుల్లో మనిషి లేకపోవడానికి కారణం అంబ్రికో కత్తెర. అద్దాల్లో లేకపోవడానికి కారణం ఆ కేటలాగే. అక్కడ చూపించే ఇంట్లో ఎవరూ ఎప్పుడూ కాఫీ ఒలకబోయలేదు, ఎవరూ తడితువ్వాలు కుర్చీమీద వేయలేదు. అలాంటి ఇల్లు మనకి లేదని కదూ రోజూ దిగులు పడుతుంటాం! ఆ ఇంటి అద్దాన్ని తెచ్చి మన ముందుంచి, "చూడు, ఇందులో నీకు చోటెక్కడుంది?" అని అడిగినట్టుంటుంది.

ఇక నాకు అన్నిటికన్నా నచ్చినవి టీవీలు.

క్రెయిగ్స్‌లిస్ట్ అని అమెరికాలో ఒకటుంది. 1995లో శాన్‌ఫ్రాన్సిస్కోలో క్రెయిగ్ న్యూమార్క్ అనే ఆయన ఊళ్ళో విశేషాలు స్నేహితులకి తెలియజేయడానికి మొదలుపెట్టిన జాబితా, పోనుపోను పాత సామాను అమ్ముకునే పెద్ద బజారైంది. అందులో వాడేసిన టీవీలు అమ్మకానికి పెట్టేవాళ్ళు, వాటికి ఫోటో తీసి పెడతారు. అంబ్రికో ఆ ఫోటోల్లోంచి టీవీ తెర వరకు మాత్రం కత్తిరించింది. ఆరిపోయి ఉన్న తెర. అంటే నల్లటి, కొద్దిగా ఉబ్బెత్తుగా ఉన్న గాజు. అంతే బొమ్మ.

గోడమీద వరసగా చూస్తే నల్లటి పలకలు. మధ్యలో తెల్లటి చుక్క, ఫ్లాష్ లైటు తిరిగి కొట్టిన మచ్చ. నైరూప్యానికి అంతకన్నా నైరూప్యం ఏముంటుంది! దగ్గరికెళ్ళండి. పాతకాలం డబ్బా టీవీ గాజు ఆరిపోగానే అద్దమైపోతుంది. ఆ ముదురు బూడిదరంగులో ఒక కిటికీ వంగి కనిపిస్తుంది. ఒక మంచం మూల. తలుపు సందులోంచి పక్క గది దీపం. ఆ ఫ్లాష్ చుక్క వెనక, చేతులు ఎత్తి కెమెరా పట్టుకున్న మనిషి ఆకారం, మొహం లేదు, భుజాలు మాత్రం. అమ్మేవాళ్ళు టీవీని చూపిద్దామనుకున్నారు. టీవీయేమో వాళ్ళని చూపించింది. ఇన్నేళ్ళు ఆ ఇంట్లో వాళ్ళు దాన్ని చూశారు, వెళ్ళిపోయే ముందు అది వాళ్ళని ఒకసారి చూసింది.

ఫోటో అనగానే మన ఆడవాళ్ళు మొదట చేసే పని ఇల్లు సర్దడం. దిండ్లు సరిచేసి, మంచం మీది బట్టలు బీరువాలో కుక్కి, ఆ తర్వాతే "ఆఁ, తియ్యి" అంటాం. అందుకేనేమో, మన ఆల్బముల్లో మన ఇళ్ళు ఉండవు. ఎవరిదో కేటలాగు ఇల్లు ఉంటుంది. మనమూ ఉండం, ఎందుకంటే తీసే సమయానికి వంటింట్లో ఉంటాం. మా ఇంట్లో ఒక పండగనాటి ఫోటో ఉంది. అందరూ కొత్త బట్టల్లో వరసగా నిలబడి ఉన్నారు. అమ్మ లేదు. కాని వెనక బీరువా అద్దంలో, చేతిలో కాఫీ గ్లాసుల పళ్ళెంతో తలుపు దాటుతూ ఒక ఆకారం ఉంది. మొహం మసక. నడకని బట్టి అమ్మ. ఆ రోజుది అమ్మ ఉన్న ఫోటో అదొక్కటే. అందరూ చూసేది ముందు వరసని. నేను చూసేది ఆ అద్దాన్ని.

అంబ్రికో టీవీల్లో పట్టుకున్నది ఈ అద్దాన్నే. చూపించాలనుకున్నదానికన్నా, చూపించాలనుకోనిది ఎక్కువ నిజం చెబుతుందని ఆవిడ కనిపెట్టింది. ఉపన్యాసం ఇవ్వకుండా ఒట్టి కత్తిరింపుతో అది చెప్పగలిగింది. ఇక్కడ కత్తెర మనిషిని తీసేయలేదు. మనిషి మీదనుంచి టీవీని తీసేసింది.

"అయ్యో, ఎవరి పడకగదో వాళ్ళకి తెలియకుండా గోడకెక్కించడం తప్పు కాదూ?" అంది మా పక్కింటావిడ. ఇది తీసిపారేసే ప్రశ్న కాదు. సెల్ ఫోనులో పాత సామాను అమ్మే పద్ధతి మనకీ వచ్చింది కదా! ఫ్రిజ్ ఫోటో వెనక మన నైటీ ఆరేసి ఉంటే, దాన్ని ఎవరో ఎక్కడో అద్దాలు బిగించి ప్రదర్శిస్తే మనకెలా ఉంటుంది? నా ఉద్దేశం ఇది. కిటికీలోంచి తొంగిచూడటానికీ, చీకట్లో ఎవరింట్లోనో దీపం వెలగడం చూడటానికీ తేడా ఉంది. ఆ తెరల్లో ఊరు లేదు, పేరు లేదు, మొహం లేదు. అది ఎవరిల్లో ఎవరూ చెప్పలేరు, ఎవరిదో ఇల్లని మాత్రం అందరూ చెప్పగలరు. ఆ గీత దగ్గర ఆవిడ ఆగింది. ఒక్క మొహం స్పష్టంగా కనిపించినా ఈ బొమ్మలకి నేను ఓటు వేసేదాన్ని కాను.

చివరగా పగిలిన టీవీలు. 2009 ప్రాంతం నుంచి చేసింది. ఇవి ఈబే అనే వేలంపాటల బజారులోవి. అదీ 1995లోనే పుట్టింది. దాన్ని మొదలుపెట్టిన పియరీ ఒమిడ్యార్ అందులో మొట్టమొదట అమ్మింది విరిగిపోయిన లేజరు పాయింటరు. 14 డాలర్ల 83 సెంట్లకి పోయింది! విరిగినది ఎందుకు కొంటున్నావయ్యా అని అడిగితే, విరిగినవే పోగుచేస్తాను అన్నాట్ట కొన్నాయన. అలాంటి బజారులో పగిలిన టీవీలకి గిరాకీ ఉండదూ! లోపలి భాగాలకోసం కొనుక్కుంటారు. అంచేత అమ్మేవాళ్ళు, గాజు పగిలినా లోపల యంత్రం పనిచేస్తోందని రుజువు చూపించడానికి, టీవీ పెట్టి మరీ ఫోటో తీస్తారు.

ఈ పల్చటి టీవీ తెరలో రెండు గాజుపలకల మధ్య సన్నగా ఒక ద్రవం ఉంటుంది. వెనకనుంచి దీపం వెలుగుతుంటే, వెలుతురు ఎక్కడ ఎంత రావాలో ఆ ద్రవం అడ్డుపడుతూ నిర్ణయిస్తుంది. గాజు పగిలితే ఆ పొర చెదిరిపోయి నల్లటి సిరా మరకలు పాకుతాయి. అంచుల్లో ఉన్న సన్నటి తీగలు తెగితే, ఆ తీగ నడిపే వరస మొత్తం ఒకే రంగుతో పైనుంచి కిందిదాకా గీతై నిలిచిపోతుంది. గులాబీ, ఆకుపచ్చ, తెలుపు, నీలం, నేతచీర అంచులో దారాల్లా. ఒక మూల దెబ్బ తగిలినచోట సాలెగూడు లాంటి పగులు. అంబ్రికో ఈ తెరల్ని కత్తిరించి, గోడనిండా పెట్టింది.

1948లో బార్నెట్ న్యూమన్ అనే చిత్రకారుడు ముదురు ఎరుపు కాన్వాసు మధ్య ఒకే ఒక్క నిలువుగీత గీస్తే, దానిమీద పుస్తకాలకి పుస్తకాలు రాశారు. ఈ టీవీల్లో అలాంటి నిలువుగీతలు ఒకదాన్ని మించి ఒకటి. గీసిందెవరు? ఏ పిల్లాడు విసిరిన బంతో, ఏ సామాన్ల లారీ కుదుపో. మరి ఇందులో ఆవిడ గొప్పేమిటని అడుగుతారు. మనం బియ్యంలో రాళ్ళేరి పారేస్తాం. ఆవిడ బియ్యాన్ని వదిలేసి రాళ్ళని దాచుకుంది. వేల ఫోటోల్లో ఎవరికీ అక్కరలేనివాటిల్లో ఏది నిలుస్తుందో, ఏది నిలవదో చూసే కన్ను ఆవిడది. ఏరడం పనికాదని ఆడవాళ్ళకి ఎవరు చెప్పగలరు?

నాకు ఈ బొమ్మల్లో అన్నిటికన్నా తగిలింది ఆ అమ్మేవాళ్ళ ఉద్దేశం. "పైన పగిలింది గాని, లోపల అంతా బాగానే ఉందండీ" అని చెప్పడానికి దీపం వెలిగించి చూపిస్తున్నారు. ఈ మాట వింటే నాకు ఎంతమంది గుర్తొచ్చారో! మీకూ వస్తారు. ఆ మాట చెప్పడానికి వెలిగించిన తెర మీద ఇంత అందం పుట్టింది. ఎవరూ కోరలేదు, ఎవరూ గీయలేదు. దూరం నుంచి రంగు, దగ్గరికెళితే ఒక దెబ్బ, దాని వెనక ఒక ఇల్లు. మా అమ్మమ్మ తక్కెడలో ఇది సరిగ్గా తూగింది.

మొత్తంమీద నా లెక్క ఇది. అంబ్రికో పనిలో సంఖ్య పెరిగినచోట మనిషి తగ్గాడు, సంఖ్య తగ్గినచోట మనిషి కనిపించాడు. లక్షల సూర్యులు చూసినప్పుడు ఆశ్చర్యపోయాను. ఒక్క ఆరిపోయిన టీవీ చూసినప్పుడు ఆగిపోయాను. ఆశ్చర్యం సాయంత్రానికి మాసిపోతుంది. ఆగినచోటు గుర్తుంటుంది.

ఇది మనకెందుకంటారా? ఇవాళ మన సెల్ ఫోనుల్లో ఒక్కొక్కరికీ వేల ఫోటోలున్నాయి. గుడి ముందు, హోటలు ముందు, కేకు ముందు, అందరూ ఒకేలా నవ్వుతూ. రేపు మన మనవలు వాటిల్లో మనల్ని వెతుక్కుంటే ఆ నవ్వుల్లో దొరుకుతామని నాకు నమ్మకం లేదు. కేకు వెనక గోడమీది కేలండరులో పాలవాడి లెక్కలూ, స్టీలు డబ్బాలో వంకరగా పడిన మన ఆకారమూ, సోఫా చివర సగం మడిచి వదిలేసిన బట్టలూ, వాటిల్లో దొరుకుతాం. అంచేత ఈసారి పాత ఫోటోలు చెరిపేసేటప్పుడు మధ్యలో ఉన్న మొహం బాగా రాలేదని తొందరపడకండి. ఒకసారి అంచులు కూడా చూడండి.

పక్కింటావిడ పుస్తకం మూస్తూ "ఇంతా చెప్పారుగా, వీటిల్లో ఒకటి మీ ఇంట్లో పెట్టుకోమంటే పెట్టుకుంటారా?" అని నిలదీసింది. సూర్యులు వద్దు, మేడమీదికెళితే రోజూ ఒకడు ఉచితంగా కనిపిస్తాడు. పగిలిన టీవీ ఒకటి పెట్టుకుంటాను. అయితే హాల్లో మాత్రం పెట్టను. హాల్లో పెడితే వచ్చిన ప్రతివారూ "టీవీ పాడైనట్టుందే, మాకు తెలిసిన మెకానిక్కు ఉన్నాడు, పంపించమంటారా?" అని అడుగుతారు!